ప్రెయిరీ గడ్డి నేలల స్కిప్పర్ సీతాకోకచిలుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా రెండు సీతాకోకచిలుకల గురించి. ఒకటి డకోటా స్కిప్పర్, రెండోది పౌవషీక్ స్కిప్పర్లింగ్. ఉత్తర అమెరికా నడుమ ఉన్న ప్రెయిరీ గడ్డి నేలల్లో, వాటిని ఆనుకున్న ఊట నేలల్లో తప్ప ఇవి ప్రపంచంలో మరెక్కడా బతకవు. పౌవషీక్ మిగిలిన నేలలు కొన్ని మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ శివార్లలో స్థిరపడిన తెలుగువాళ్ళ ఇళ్ళకు గంట ప్రయాణంలోపే ఉన్నాయి. పెరట్లో నాలుగు గడ్డి దుబ్బులు నాటాలనుకునేవాళ్ళ నుంచి, ఎకరాల కొద్దీ గడ్డి కోయించేవాళ్ళ దాకా అడిగే ప్రశ్నలను ఇక్కడ చేర్చాం. ఏ పనికి దిగే ముందైనా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నెలలో గొంగళిపురుగు ఎక్కడుంది? కింది జవాబుల్లో సగానికి పైగా దీని నుంచే పుట్టాయి.

స్కిప్పర్ అంటే సీతాకోకచిలుకా, చిమ్మటా?

సీతాకోకచిలుకే. హెస్పెరిడే అనే కుటుంబానికి చెందినది. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 3,500 జాతులున్నాయి. ఒళ్ళు బొద్దుగా, నూగుతో, రెక్కలు పొట్టిగా ఉండటంతో చాలామంది చిమ్మట అనుకుంటారు. గుర్తుపట్టాలంటే మీసాలు చూడండి. మామూలు సీతాకోకచిలుకల మీసం చివర గుండ్రటి బొడిపె ఉంటుంది. స్కిప్పర్లకు ఆ బొడిపె దాటాక చివర కొక్కెంలా వెనక్కి వంగుతుంది. ఎగరడం కూడా వేరు. తేలుతూ పోదు, విసిరేసినట్టు దూసుకుపోయి మరో పువ్వు మీద వాలుతుంది. గడ్డి తినే స్కిప్పర్లు ఎండ కాచుకునేటప్పుడు వెనక రెక్కలను బల్లపరుపుగా పరిచి, ముందు రెక్కలను సగం పైకెత్తి కూర్చుంటాయి. అలా కూర్చున్నప్పుడు చిన్న జెట్ విమానంలా ఉంటాయి.

ఆంధ్ర, తెలంగాణల్లో స్కిప్పర్లు ఉన్నాయా?

బోలెడున్నాయి. వరి పొలాల గట్ల మీద తిరిగే చిన్న గోధుమరంగు సీతాకోకచిలుకల్లో చాలా వరకు ఈ కుటుంబానివే. వరి ఆకు అంచులను పట్టుదారంతో కుట్టి గొట్టంలా చేసుకుని, లోపల కూర్చుని తినే ఆకుపచ్చ గొంగళిపురుగును మీరు చూసే ఉంటారు. దాని తల పెద్దదిగా, తలకూ ఒంటికీ మధ్యలో మెడ నొక్కేసినట్టుగా ఉంటుంది. ప్రెయిరీ స్కిప్పర్ల గొంగళిపురుగులకూ ఇదే పోలిక. డకోటా, పౌవషీక్ మాత్రం మన దగ్గర లేవు.

ప్రెయిరీ అంటే ఖాళీగా పడున్న గడ్డి మైదానమేగా?

కాదు. మన దగ్గర బీడు అనగానే పనికిరాని నేల అనుకున్నట్టే, అక్కడా ప్రెయిరీని దున్నడానికి పనికొచ్చే ఖాళీ నేలగానే లెక్కేశారు. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి తయారు చేశాక జిగురు నల్లమట్టిని దున్నడం సులువైంది. గడ్డి వేర్లు వేల ఏళ్ళుగా కుళ్ళి పెంచిన ఆ మట్టి, మొక్కజొన్నకూ సోయాబీన్‌కూ బంగారమైంది. మినెసోటాలో ఒకప్పుడు కోటి ఎనభై లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. ఇప్పుడు మిగిలింది రెండు శాతం లోపే. అయోవాలో వెయ్యో వంతు కూడా లేదు.

దున్నని ముక్క ఒకటి దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. చదరపు గజం నేలలో నాలుగైదు రకాల గడ్డి, వాటి మధ్య సన్నటి కాండాల పూల మొక్కలు, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య బెత్తెడు ఖాళీ నేల కనిపిస్తాయి. ఆ ఖాళీ చాలా ముఖ్యం. పిల్ల పురుగు పాకి దుబ్బు మొదలు చేరేది ఆ దారినే.

డకోటా స్కిప్పర్‌కు రెండు రకాల నేలలు సరిపోతాయి. ఒకటి, హిమానీనదాలు కరిగిన నీటితో ఒకప్పుడు ఏర్పడి, ఇప్పుడు లేని అగాసీ సరస్సు ఒడ్డున ఉన్న పల్లపు, కాస్త తడి నేల. అక్కడ వుడ్ లిల్లీ, హేర్‌బెల్, స్మూత్ కామాస్ పూస్తాయి. రెండోది, హిమానీనదాలు పోగేసిన గుట్టల వాలు మీది పొడి నేల. అక్కడ సన్నాకు పర్పుల్ కోన్‌ఫ్లవర్, బ్లాంకెట్ ఫ్లవర్ ఉంటాయి. రెండు చోట్లా కావాల్సింది పొట్టి దుబ్బు గడ్డి. ముఖ్యంగా లిటిల్ బ్లూస్టెమ్, ప్రెయిరీ డ్రాప్‌సీడ్.

ఏడాదిలో ఇవి ఎప్పుడు ఎక్కడ ఉంటాయి?

రెక్కల పురుగుగా కనిపించేది జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా. వాతావరణాన్ని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది. ఒక్కో పురుగు బతికేది ఒకటి నుంచి మూడు వారాలు. ఏడాదికి ఒకటే తరం. అంటే జూలైలో ఏదైనా పొరపాటు జరిగితే, మళ్ళీ సరిదిద్దుకునే అవకాశం ఆ ఏడాదికి లేదు.

ఆడ డకోటా స్కిప్పర్ గుడ్లను ఒక్కొక్కటిగా, నేలకు ఒకటి రెండు అంగుళాల ఎత్తులో ఆకు అడుగున అంటిస్తుంది. అది గడ్డి ఆకే కానక్కర్లేదు, పక్కనున్న ఏ వెడల్పాకు మొక్కైనా సరే. సుమారు పది రోజులకు గుడ్డు పొదుగుతుంది. పిల్ల పురుగు పాకుతూ వెళ్ళి గడ్డి దుబ్బు మొదట్లో, మట్టిని ఆనుకుని, పట్టుదారంతో గొట్టం లాంటి గూడు కట్టుకుంటుంది. పగలంతా అందులోనే ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి, దగ్గర్లోని పోచను కొరికి తెంపి, గూటికి లాక్కెళ్ళి తింటుంది. సెప్టెంబరు ముగిసేసరికి సగం ఎదిగి, నేల మట్టంలోనో కాస్త కిందనో గూడు మూసుకుని పడుకుంటుంది. శీతకాలమంతా అలాగే ఉంటుంది. వసంతంలో గడ్డి చిగురించగానే మళ్ళీ తినడం మొదలుపెట్టి, జూన్ నాటికి ప్యూపా అవుతుంది.

పౌవషీక్ పద్ధతి వేరు. దాని గొంగళిపురుగు నేలలో గూడు కట్టదు. లేత ఆకుపచ్చ ఒంటి మీద ముదురు చారతో, గడ్డి పోచ మీదే పోచలా ఒదిగి ఉంటుంది. చలికాలం కూడా నేల పైనే, గడ్డిని పట్టుకునే గడుపుతుంది. మంచు కప్పు సరిగా పడని ఏడాది దానికి ఇబ్బంది ఎక్కువ. నిప్పు విషయంలోనూ ఈ తేడాను మర్చిపోకూడదు.

మొత్తంగా పన్నెండు నెలల్లో పదకొండు నెలలు ఈ జీవి రెక్కలు లేకుండా గడ్డిలోనే ఉంటుంది. జూలై దాటాక ఇక సీతాకోకచిలుకలు లేవు కదా అని గడ్డిని మొదలంటా కోసేస్తే పోయేది మొత్తం తరం.

రెండింటినీ ఎలా గుర్తుపట్టాలి?

రెండూ రెక్కలు చాచితే అంగుళం అటూ ఇటూ ఉంటాయి. మగ డకోటా పైభాగం నారింజ కలిసిన గోధుమరంగు, ముందు రెక్క మీద వాసన వెదజల్లే నల్లటి గీత ఒకటి ఉంటుంది. ఆడది ఇంకా ముదురు, లేత మచ్చలతో. పౌవషీక్ పైభాగం ముదురు గోధుమ, ముందు రెక్క పై అంచున మాత్రం నారింజ పూత. రెక్కలు మూసి కూర్చుంటే అసలు గుర్తు కనిపిస్తుంది: వెనక రెక్క అడుగున ఈనెలన్నీ తెల్లగా, వెండి గీతల్లా ఉంటాయి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది యూరోపియన్ స్కిప్పర్ దగ్గర. 1910లో ఒంటారియోలోని లండన్ ఊళ్ళో మొదట కనబడిన ఈ వలస జాతి ఇప్పుడు పచ్చిక ఉన్న చోటల్లా గుంపులుగా తిరుగుతోంది. రెక్కలన్నీ ఒకే నారింజ రంగు, అంచున సన్నటి నల్ల గీత. రోడ్డు పక్క తిమోతి గడ్డిలో ఒకేసారి యాభై స్కిప్పర్లు కనిపించాయంటే అవి దాదాపు ఖాయంగా ఇవే. డకోటా అలా గుంపుగా రోడ్ల పక్కన ఉండదు. దాని అన్న లాంటి ఒట్టో స్కిప్పర్ కాస్త పెద్దది, ఎండు నేలలనే ఇష్టపడుతుంది. ఈ రెండింటి దగ్గర నిపుణులు కూడా ఫోటో చూడందే తేల్చరు.

పౌవషీక్ ఆ పేరెలా వచ్చింది? ఇప్పుడు ఎక్కడ మిగిలింది?

1870లో హెచ్. డబ్ల్యూ. పార్కర్ అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ దగ్గర దొరికిన పురుగుల ఆధారంగా దీన్ని వర్ణించాడు. ఆ ఊరు పౌవషీక్ కౌంటీలో ఉంది. కౌంటీకి మెస్క్వాకీ జాతి నాయకుడి పేరు పెట్టారు. పేరిచ్చిన అయోవాలో ఇప్పుడు ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఎనిమిది అమెరికా రాష్ట్రాల్లోనూ కెనడాలోని మానిటోబాలోనూ ఉండేది. 2000 తర్వాత పదేళ్ళలోనే మినెసోటా, ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల నుంచి ఊడ్చిపెట్టుకుపోయింది. సహజంగా మిగిలినవి మిషిగన్‌లో కొద్ది చోట్ల, మానిటోబాలో ఆగ్నేయ మూలనున్న పొడవు గడ్డి ప్రెయిరీలో.

మిషిగన్‌లో అది ఉండేది పొడి ప్రెయిరీలో కాదు, ఓక్లండ్ కౌంటీ చుట్టుపక్కల ఉన్న ప్రెయిరీ ఫెన్ అనే ఊట నేలల్లో. సున్నం కలిసిన చల్లటి భూగర్భ జలం ఏడాది పొడుగునా ఊరుతూ ఉండే చిత్తడి అది. అక్కడ గొంగళిపురుగు ప్రెయిరీ డ్రాప్‌సీడ్, మ్యాట్ మ్యూలీ గడ్డి తింటుంది. పెద్ద పురుగు పొద సింక్‌ఫాయిల్, బ్లాక్ ఐడ్ సూసాన్, తెల్ల లోబీలియా పూల తేనె తాగుతుంది. ఊటకు ఎగువన బోర్లు ఎక్కువ వేసినా, రోడ్డు వేసి నీటి దారి మళ్ళించినా ఫెన్ ఎండుతుంది. ఎండిన చోట గ్లాసీ బక్‌థార్న్ పొద లేస్తుంది. ఆ పొద నీడ పడితే డ్రాప్‌సీడ్ బతకదు. పురుగుల్ని ఎంత కాపాడినా, ఎగువ నీటిని కాపాడకపోతే ఫలితం దక్కదు.

ఇంత వేగంగా ఎందుకు తగ్గిపోయాయి?

నేల దున్నేయడం మొదటి దెబ్బ, కానీ అది వందేళ్ళ కిందటి కథ. ఈ పాతికేళ్ళలో దున్నకుండా మిగిలిన మంచి ముక్కల్లో కూడా పురుగులు మాయమయ్యాయి. ఒక్క కారణం కాదు, చాలా కారణాలు ఒకేసారి మీదపడ్డాయి.

మిగిలిన ముక్కలు దీవులైపోయాయి. డకోటా స్కిప్పర్ ఒక కిలోమీటరు దాటి వెళ్ళడం అరుదు. ఒక ముక్కలో ఓ చెడ్డ ఏడాది వచ్చి పురుగులు పోతే, పక్క ముక్క నుంచి వచ్చి నింపేవి లేవు. ఇక కెంటకీ బ్లూగ్రాస్, స్మూత్ బ్రోమ్ లాంటి బయటి గడ్డి జాతులు. ఇవి చలి కాలపు గడ్డి. వసంతంలో ముందే లేచి, నడి వేసవికల్లా ఎండిపోతాయి. పిల్ల పురుగులు పొదిగేది సరిగ్గా అప్పుడే. చుట్టూ గడ్డి ఉన్నట్టే ఉంటుంది, తినడానికి పచ్చి పోచ ఉండదు. పైగా ఇవి ఎండి, మెత్తలా పరుచుకుని దుబ్బుల మధ్య ఖాళీని మూసేస్తాయి.

మూడోది మందులు. సోయాబీన్ పేనుబంక 2000లో ఉత్తర అమెరికాలో బయటపడింది. అప్పటి నుంచి జూలై చివర, ఆగస్టులో విమానాలతో, బూమ్ స్ప్రేయర్లతో పిచికారీ పెరిగింది. మన రైతులకు బాగా తెలిసిన క్లోరోపైరిఫాస్ కూడా వాడిన మందుల్లో ఉంది. ప్రెయిరీ ముక్కల్లోని గడ్డి మీద ఇలాంటి మందుల ఆనవాళ్ళు దొరికాయి. గోరంత కూడా లేని పిల్ల పురుగు తినేది ఆ గడ్డినే.

నిప్పు పెడితే ప్రెయిరీకి మంచిదంటారు. మరి పురుగులు కాలిపోవా?

కాలిపోతాయి. అయినా నిప్పు కావాలి. రెండూ నిజమే. అందుకే ఈ ప్రశ్న మీద ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

నిప్పు లేకపోతే ఎండుగడ్డి మెత్త పేరుకుంటుంది, పొదలు, చెట్లు చొరబడతాయి, పూలు తగ్గుతాయి. కొన్నేళ్ళు వదిలేస్తే పురుగు తానే పోతుంది. మరోవైపు పదెకరాల ముక్క మొత్తాన్ని ఒకే రోజు కాలిస్తే ఆ తరం అక్కడితో సరి. చుట్టూ మొక్కజొన్న చేలే ఉంటే మళ్ళీ వచ్చేవి లేవు. మొక్కలు బాగుచేద్దామని మంచి మనసుతో పెట్టిన మంటలే కొన్ని చోట్ల పురుగును తుడిచిపెట్టాయి.

చేయాల్సింది ఇది. ముక్కను కనీసం నాలుగు భాగాలు చేయండి. ఏ ఏడాదైనా నాలుగో వంతుకు మించి కాల్చకండి. కాల్చే భాగానికి ఆనుకునే పురుగులున్న కాల్చని భాగం ఉండాలి, లేకపోతే తిరిగి రావడానికి దారి లేదు. కాలిన భాగాన్ని మళ్ళీ కనీసం మూడు నాలుగేళ్ళు ముట్టుకోవద్దు. భాగాల హద్దులు గీసేటప్పుడు మంచి పూలున్న చోటంతా ఒకే భాగంలోకి రాకుండా చూడండి. మ్యాప్ మీద సమానంగా కోస్తే సరిపోదు, జూన్ నెలలో నడిచి చూసి కోయాలి.

తేదీ కూడా ముఖ్యం. వసంతం మొదట్లో డకోటా గొంగళిపురుగు నేల మట్టంలో, కొంత మట్టి రక్షణలో ఉంటుంది. మే నెల ముదిరేకొద్దీ పైకి వచ్చి తింటుంది కాబట్టి ఆలస్యంగా పెట్టే మంట ఎక్కువ చంపుతుంది. పౌవషీక్ ఉన్న చోట ఈ వెసులుబాటు కూడా లేదు. అది ఏ నెలలో చూసినా నేల పైనే ఉంటుంది. పురుగున్నట్టు తెలిసిన భాగాన్ని కాల్చొద్దు, పొదలను చేత్తో నరికి, మొదళ్ళకు మాత్రమే మందు పూయండి.

మంటలో అక్కడక్కడ కాలకుండా తప్పిపోయిన మచ్చలుంటే వెనక్కెళ్ళి వాటిని కాల్చడం కొందరికి అలవాటు. ఆ మచ్చలే మిగిలిన పురుగుల ఇల్లు. వదిలేయండి.

గడ్డి ఎప్పుడు కోయాలి, ఎంత ఎత్తులో?

జూలై 15 తర్వాత. బ్లేడు 8 అంగుళాలకు తగ్గకూడదు. అప్పటికి డకోటా గుడ్లు, పిల్ల పురుగులు మొదలు దగ్గర ఒకటి రెండు అంగుళాల్లో ఉంటాయి కనుక ఆ ఎత్తు మొదలును వదిలేస్తుంది. ఏటా ఒకే తేదీన మొత్తం కోయకుండా, సగం ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది కోస్తే పూలు కూడా విత్తనం పెడతాయి. కోసిన గడ్డిని బేళ్ళు కట్టి తీసేయండి. అక్కడే వదిలితే మెత్త పేరుకుంటుంది.

ఆవుల్ని మేపితే నష్టమా?

మేపు తీరును బట్టి ఉంటుంది. ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల్లో డకోటా స్కిప్పర్ ఇంకా ఉందంటే, అందులో పెద్ద వాటా దున్నకుండా మేపుకే వదిలిన రాంచ్‌లది, అంటే పశువుల క్షేత్రాలది. ఆ రైతుల పుణ్యమే అని గట్టిగా చెప్పవచ్చు. 2014లో అమెరికా డకోటా స్కిప్పర్‌ను ముప్పున్న జాతిగా, పౌవషీక్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించినప్పుడు, డకోటా విషయంలో మామూలు పశువుల మేపుకు నిబంధనలోనే మినహాయింపు ఇచ్చారు.

చెడేది ఎక్కడంటే, మంద ఎక్కువై ఒకే చోట వేసవంతా నిలబడినప్పుడు. ముందు పూలు పోతాయి. తర్వాత గిట్టల కింద మట్టి గట్టిపడి, గొంగళిపురుగు గూటి దగ్గర తేమ పడిపోతుంది. మేలు చేసే పద్ధతి ఒకటుంది: మే నెలలో బ్లూగ్రాస్, బ్రోమ్ పచ్చగా ఉండి దేశవాళీ గడ్డి ఇంకా లేవనప్పుడు కొద్ది రోజులు గట్టిగా మేపి, జూన్ మొదటికల్లా మందను మార్చేయడం. ఆవులు బయటి గడ్డినే తింటాయి. ఇదీ ఏటా ఒకే ప్యాడాక్‌లో (కంచె వేసిన మేపు జాగాలో) చేయొద్దు.

కలుపు మందు వాడొచ్చా?

మొక్క మొక్కకూ విడిగా అయితే వాడొచ్చు. లీఫీ స్పర్జ్ అనే కలుపు మొక్క కనబడగానే వెడల్పాకు మందును ఎకరాలంతా కొట్టేస్తే స్పర్జ్‌తో పాటు కోన్‌ఫ్లవర్, హేర్‌బెల్ కూడా పోతాయి, పెద్ద పురుగుకు తేనె ఉండదు. స్పర్జ్ ఎక్కువగా ఉంటే దాని వేర్లు తినే చిన్న పెంకు పురుగులను వదిలే పద్ధతి ఉంది, అది మెల్లగా పనిచేస్తుంది కానీ పూలను ముట్టదు.

పక్క చేలో పిచికారీ జరుగుతుంటే రైతుతో ముందే మాట్లాడండి. గాలి ప్రెయిరీ వైపు వీస్తున్నప్పుడు కొట్టొద్దని అడగడం న్యాయమైన కోరికే. గాలి అస్సలు లేని సాయంత్రం కూడా మంచిది కాదు. నేల దగ్గర చల్లగాలి నిలిచిపోయి, సన్నటి తుంపర కింద పడకుండా పొరలా జారుతూ దూరం పోతుంది.

మా పెరట్లో గడ్డి, పూలు నాటితే ఇవి వస్తాయా?

డకోటా, పౌవషీక్ రావు. దున్నని ప్రెయిరీని ఆనుకుని మీ ఇల్లుంటే తప్ప. వచ్చేవి వాటి బంధువులు: పెక్స్ స్కిప్పర్, టానీ ఎడ్జ్‌డ్ స్కిప్పర్, డెలావేర్ స్కిప్పర్, లాంగ్ డాష్. అవీ అందమైనవే, వాటికీ ఇలాంటి గడ్డే కావాలి.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చాలు, కాకపోతే రోజుకు ఆరు గంటలు తగ్గకుండా ఎండ పడాలి. మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర అడుగు వదిలితే సుమారు 44 మొక్కలు పడతాయి. వాటిలో 16 లిటిల్ బ్లూస్టెమ్, 10 ప్రెయిరీ డ్రాప్‌సీడ్, మిగిలిన 18 పూలు. మినెసోటాలో అయితే సన్నాకు కోన్‌ఫ్లవర్, బ్లాక్ ఐడ్ సూసాన్, హేర్‌బెల్. మిషిగన్‌లో కోన్‌ఫ్లవర్ బదులు తెల్ల లోబీలియా. బిగ్ బ్లూస్టెమ్ మాత్రం ఇంత చిన్న చోట వద్దు, ఆరడుగులు పెరిగి మిగతావాటిని తొక్కేస్తుంది. డ్రాప్‌సీడ్ విత్తనం నుంచి చాలా నెమ్మది, నారు కొనడమే మేలు. కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు వాడలేదని నర్సరీని స్పష్టంగా అడగండి. మొక్క ఒళ్ళంతా మందు ఉంటే పురుగును పిలిచి విషం పెట్టినట్టే.

విత్తనం చల్లాలనుకుంటే చదరపు అడుగుకు 40 నుంచి 60 గింజలు లెక్క, అంటే ఈ జాగాకు సుమారు 5,000. ముందు ఒక వేసవంతా నల్ల టార్పాలిన్ కప్పి ఉన్న పచ్చికను చంపండి. నవంబరులో గింజలను తడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి, కాళ్ళతో తొక్కండి. పైన మట్టి కప్పకండి, లోబీలియా గింజ వెలుతురు లేకపోతే మొలవదు. కోన్‌ఫ్లవర్‌కు చలి తగలాలి కాబట్టి నవంబరే సరైన కాలం. వసంతంలో చల్లితే ముందుగా మూడు నెలలు తడి ఇసుకతో ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తుంది.

ఎక్కువమంది తోట చెడేది మొదటి ఏడాదే. కలుపు అడుగెత్తు లేస్తుంది, లోపల దేశవాళీ మొలకలు రెండు అంగుళాలే ఉంటాయి. ఏది కలుపో తెలియక పీకేస్తారు. పీకొద్దు, 6 అంగుళాల ఎత్తులో కోయండి. వేసవిలో మూడు నాలుగుసార్లు కోయాల్సి వస్తుంది. రెండో ఏడాది ఒక్కసారి. మూడో ఏడాది నుంచి పూలు. ఎరువు వేయకండి, అది కలుపుకే బలం.

చలికాలం ముందు ఎండు గడ్డిని శుభ్రం చేయాలన్న కోరిక ఆపుకోండి. పురుగులు అందులోనే ఉంటాయి. వసంతంలో మూడో వంతు మాత్రమే, 8 అంగుళాలు వదిలి కోయండి. పక్కింటివాళ్ళ నుంచీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నుంచీ ఫిర్యాదు వస్తుందనుకుంటే చుట్టూ రెండు అడుగుల పచ్చికను చక్కగా కోసి ఉంచి, మధ్యలో చిన్న బోర్డు పెట్టండి. అంచు తీరుగా ఉంటే లోపల ఉన్నది కావాలని పెంచినదని చూడగానే తెలుస్తుంది.

మిల్క్‌వీడ్ నాటితే సరిపోదా?

అది మోనార్క్ గొంగళిపురుగుకు తిండి. స్కిప్పర్ గొంగళిపురుగు గడ్డే తింటుంది.

పట్టుకొచ్చి ఇంట్లో పెంచొచ్చా?

వద్దు. అమెరికాలో అనుమతి లేకుండా వీటిని పట్టుకోవడం నేరం. పెంచడం కూడా అంత తేలిక కాదు. గుడ్డు ఎండిపోకుండా తేమ ఉండాలి, తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. గొంగళిపురుగును నెలల తరబడి బతికున్న గడ్డి మీదే పెంచాలి, కోసి పెట్టిన ఆకు చాలదు. ఇక చలికాలం దాటించడం అన్నిటికన్నా కష్టం.

ఈ పని మినెసోటా జూ 2012 నుంచి చేస్తోంది. ఆడ పురుగును కొద్దిసేపు ఉంచి గుడ్లు తీసుకుని, తిరిగి దొరికిన చోటే వదులుతారు. పిల్లలను కుండీల్లోని ప్రెయిరీ డ్రాప్‌సీడ్ మీద, కుండీకి వల గొట్టం తొడిగి పెంచుతారు. అలా పెంచిన డకోటా స్కిప్పర్లను 2017లో లేక్ బెంటన్ దగ్గరి హోల్ ఇన్ ద మౌంటెన్ ప్రెయిరీలో వదిలారు. పౌవషీక్‌ను విన్నిపెగ్‌లోని ఆసినిబోయిన్ పార్క్ జూ కూడా పెంచి మానిటోబా ప్రెయిరీలో వదులుతోంది. సాయం చేయాలనుంటే ఇలాంటి కార్యక్రమాలకు చేయండి.

చూడాలంటే ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

జూన్ ఆఖరి వారం, జూలై మొదటి వారం. ఎండ, తక్కువ గాలి ఉన్న రోజు, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు. కోన్‌ఫ్లవర్ పూల దగ్గర కదలకుండా నిలబడండి. మగ పురుగు పువ్వు మీద కూర్చుని వచ్చేపోయే వాటి వెంటపడి, మళ్ళీ అక్కడికే తిరిగొస్తుంది. మీరు దాని వెనక పరుగెత్తనవసరం లేదు.

తెరిచిన దారి దాటొద్దు. ఫెన్‌లో ఒక్క అడుగు కూడా దుబ్బును నలుపుతుంది, మెత్తటి నేలలో ఆ జాడ చాలాకాలం ఉంటుంది. చాలా ఫెన్‌లు ప్రైవేటు స్థలాలు లేదా మూసి ఉంచినవి, అనుమతి అడిగాకే వెళ్ళండి. బూట్లకు అంటుకున్న మట్టిని బయల్దేరేముందే గీకి కడగండి, స్పర్జ్, బ్రోమ్ గింజలు అలాగే ప్రయాణిస్తాయి.

ఫోటో మూడు కోణాల్లో తీయండి: మూసిన రెక్కల అడుగు భాగం, తెరిచిన పైభాగం, మీసాలతో కలిపి తల. అడుగు భాగం ఒక్కటైనా స్పష్టంగా రావాలి. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ముప్పున్న జాతులకు అది ఖచ్చితమైన చోటును అందరికీ చూపదు. మీరు మాత్రం సోషల్ మీడియాలో చోటు పేరు రాయకండి. డకోటా లేదా పౌవషీక్ అనే అనుమానం గట్టిగా ఉంటే తేదీ, సమయం, ఏ పువ్వు మీద ఉంది, చుట్టూ ఏ గడ్డి ఉంది అన్నవి రాసి, ఆ ఫోటోలతో రాష్ట్ర సహజ వనరుల శాఖకు పంపండి. పురుగు వాలిన పువ్వు పేరు తెలియకపోతే పువ్వుకీ ఆకుకీ విడిగా ఒక ఫోటో తీసి జతచేయండి, వాళ్ళు గుర్తుపడతారు.